అరువు పుంజు

పద్నాలుగు కోడిపిల్లల్లో పన్నెండింటికి మెడ నిండా నూగు ఉంది.

ఒకసారి లెక్కపెట్టి ఊరుకునే మనిషి కాదు కాటా ఆవిడ. పంతొమ్మిదేళ్ళుగా లారీల కాటా దగ్గర అద్దాల గదిలో కూర్చుని, వచ్చే బండినీ పోయే బండినీ తూచి చీటీ చించి ఇస్తోంది. డ్రైవర్లు ఎంత తొందరపెట్టినా, అంకె కదలకుండా నిలిచేదాకా ఆమె వేలు మీట మీదికి పోదు. ఇప్పుడూ అంతే. వరండాలో బల్ల మీదున్న పొదిగే పెట్టె మూత తీసి, ఒక్కో పిల్లనీ అరచేతిలో పడుకోబెట్టుకుని, మెడ మీది నూగును బొటనవేలితో ఎదురు నిమిరి చూసింది. రెండింటికి మాత్రం మెడ చుట్టూ ఎర్రటి చర్మం బయటపడి, గొంతు ముందు చిన్న కుచ్చు ఉంది. మిగతా పన్నెండూ మఫ్లరు చుట్టుకుని పుట్టినట్టున్నాయి. పన్నెండింటినీ పక్కన పెట్టి, మళ్ళీ మొదటినుంచీ చూసింది. అంకె మారలేదు.

"అబద్ధం చెప్పాడు," అంది పైకే. ఇంట్లో వినేవాళ్ళు లేరు కాబట్టి పైకి మాట్లాడుకోవడం ఆమెకు ఎప్పుడో అలవాటైపోయింది.

పెరట్లో పెట్టలు అప్పటికే గోల మొదలుపెట్టాయి. ఏడు బాయిలర్ పెట్టలు. తెల్లగా, వెడల్పుగా, నడుస్తుంటే నిండు బస్తాలు ఒరుగుతున్నట్టుంటాయి. మాంసం కోసమే పుట్టించిన జాతి. కడుపునిండా పెడితే గుడ్డు పెట్టే వయసు దాకా బతకవు, గుండె ఆగి వెల్లకిలా పడిపోతాయి. మొదటి ఏడాది జాలిపడి పెట్టి పదింటిలో తొమ్మిదింటిని అలాగే పోగొట్టుకుంది. అప్పటినుంచీ పొద్దున్నే ఒక్కో పెట్టకీ ఒక్కో గిన్నె దాణా, గిన్నెలో గీసిన గీత దాకా, అంతే. ఆకలికి అవి కంచె కర్రలు పొడుస్తూ అరుస్తుంటే ఆమె మొహం పక్కకి తిప్పుకుని నీళ్ళు పోస్తుంది.

వీటికి గట్టి పుంజుని కలిపి, బరువుకి బరువూ నడకకి నడకా ఉన్న పిల్లల్ని తీయాలని ఆమె పట్టుదల. ఆరేళ్ళుగా అదే లోకం. బరువు వచ్చింది, కాళ్ళు కుదిరాయి, ఎండాకాలం మాత్రం లొంగలేదు. ఒంటినిండా ఈకలున్న ఆ బరువు పిల్లలు వడగాలికి నోళ్ళు తెరుచుకుని, మధ్యాహ్నం అయ్యేసరికి ఒకటీ రెండూ రాలిపోయేవి. మెడ బోసిగా ఉన్న జాతి అయితే ఆ వేడి తట్టుకుంటుంది. అందుకే కండక్టరు గారి పుంజుని అరువు తెచ్చుకుంది.

బస్సు దిగి పదేళ్ళైనా ఆయన్ని అందరూ కండక్టరనే అంటారు. రెండు వీధుల అవతల ఒక్కడే ఉంటాడు. ఆ పుంజుని చంకలో పెట్టుకుని తనే మోసుకొచ్చాడు. ఎర్రటి పుంజు, మోకాలి ఎత్తు, గీసినట్టు బోసి మెడ.

"వీడి తండ్రీ బోడిమెడే, తాతా బోడిమెడే. అయిదు తరాలు నా కళ్ళముందు పుట్టాయమ్మా. ఏ పెట్టతో కలిపినా పిల్లలన్నీ బోడిమెడలే వస్తాయి. ఒక్కటి తప్పినా నన్నడగండి," అన్నాడు. బదులుగా రెండు పిల్లలు ఇస్తే చాలన్నాడు.

ఆరోజే పాత నల్లపుంజుని కోతకి పంపేసి, కొత్తవాణ్ణి పెట్టల్లోకి వదిలింది. ఆమె ఓపిక లేని మనిషి అని ఎవరూ అనలేరు గానీ, ఆ ఒక్క విషయంలో ఓపిక పట్టలేకపోయింది. మర్నాటినుంచే గుడ్లు ఏరి దాచి, తొమ్మిదో రోజున మొదటి వాయి పెట్టెలో పెట్టేసింది. ఆ వాయే ఇది.

మధ్యాహ్నం పిల్లల దాణా కోసం కొట్టుకి వెళ్ళింది. దాణా కొట్టంటే దాణా కోసమే వచ్చేవాళ్ళు తక్కువ. బస్తాల మీద కూర్చుని ఊరి సంగతులు నమలడానికి వచ్చేవాళ్ళు ఎక్కువ. ఇద్దరు గేదెలవాళ్ళు, ఒక మేకలాయన, గల్లా వెనక కొట్టతను. కండక్టరు కూడా ఉన్నాడు, తక్కెడ పక్కన నిలబడి నూకలు అరచేతిలో పోసుకుని ఊదుకుంటూ.

"ఏంటక్కా, పిల్లలొచ్చాయా?" అన్నాడు కొట్టతను.

"వచ్చాయి," అంది.

"పుంజు సంగతేమో గానీ కండక్టరు గారు మాత్రం డ్యూటీ ఎగ్గొట్టలేదు," అన్నాడు మేకలాయన, అందరికీ వినబడేలా. "సాయంత్రం అయిదయిందంటే కాటా అక్క గేటు దగ్గర హాజరు. నెలయింది. ఇంకా దిగే స్టేజీ రాలేదా సార్?"

గేదెలవాళ్ళు పగలబడి నవ్వారు. కొట్టతను తల దించుకుని నవ్వాడు.

నిజమే, ఆయన రోజూ వచ్చేవాడు. పుంజు కొత్తచోట వారం రోజులు మూలన ముడుచుకు కూర్చుంది. పెట్టలు తరిమి తరిమి పొడిచాయి. "వాడికి బెంగమ్మా, ఒకసారి చూసిపోతాను," అని మొదలైన రాకపోక పుంజు బెంగ తీరాక కూడా ఆగలేదు. పెరటి గట్టు మీద కూర్చునేవాడు. ఆమె టీ ఇచ్చేది. ఏ బస్సులో ఏ ముసలావిడ చిల్లర కోసం ఎంత దూరం తగాదా పడిందో చెప్పేవాడు. ఏ లారీవాడు బండి కింద నీళ్ళ డ్రమ్ములు దాచి తూకానికి తెచ్చాడో ఆమె చెప్పేది. ఆమె గొంతు ఆ గంటసేపు మాట్లాడినంతగా ఏ పదేళ్ళలోనూ మాట్లాడి ఉండదు. సాయంత్రం ఇంటికొచ్చి మొహం కడుక్కుని, టీ నీళ్ళు రెండు గ్లాసులకి పొయ్యడం అలవాటైపోయింది. అది ఇలా బజార్లో పడుతుందని ఆమె అనుకోలేదు.

ఆయనేమో కోప్పడలేదు. "దిగమంటే దిగుతాను, నాదేముంది," అని నవ్వేశాడు.

ఆ నవ్వుతో ఆమెకి ఒళ్ళు మండింది. తల తీసేసినట్టయింది. ఆయన కాదని గట్టిగా ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు కాబట్టి తనే అనాలి, అందరూ వినేలా అనాలి. అంతవరకే ఆలోచించింది.

"నవ్వుతారేంటి?" అంది. "మీ పుంజు కల్తీ. పద్నాలుగింటిలో పన్నెండింటికి మెడ నిండా నూగే. అయిదు తరాలట, అయిదు తరాలు! పరాయి ఇంట్లో కూర్చుని టీలు తాగడానికి వంక కావాలంటే వేరే ఏదైనా చూసుకోవాల్సింది. నా గుడ్లే దొరికాయా?"

కొట్లో నవ్వు ఆగిపోయింది. కండక్టరు చేతిలో నూకలు మళ్ళీ బస్తాలో పోసి, అరచెయ్యి పంచెకి తుడుచుకున్నాడు.

"పన్నెండా?" అన్నాడు.

"రెండుసార్లు చూశాను."

"మీరు చూశాక తప్పుండదు లెండి," అన్నాడు. వెటకారం లేదు. నిజంగానే అన్నాడు.

మర్నాడు పొద్దున ఆమె డ్యూటీకి బయల్దేరుతుంటే వచ్చాడు. గేటు లోపలికి రావడానికి అడిగి వచ్చాడు. ఆయన పెరట్లోకి అడుగు పెట్టగానే పుంజు పెట్టల్ని వదిలేసి పరుగెత్తుకొచ్చింది. వంగి ఎత్తుకుని, రెక్కలు సర్ది, చంకలో పెట్టుకున్నాడు.

"తెలీక ఇచ్చానమ్మా. మీ నెల రోజులూ పాడుచేశాను. ఏమనుకోకండి," అన్నాడు.

ఏమీ అనుకోనని చెప్పబోయింది. నిన్న అన్నంత మాట అని, ఈరోజు పరవాలేదంటే నిన్నటిది ఏమవుతుంది? సైకిలు తాళం వెతుకుతున్నట్టు సంచీలోకి తల దూర్చింది. తల ఎత్తేసరికి ఆయన వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రోజులు మామూలుగా గడిచాయని చెప్పుకోవచ్చు. లారీలు వచ్చాయి, పోయాయి. పెట్టలు గీత దాకా తిని ఇంకా కావాలని అరిచాయి. సాయంత్రం మాత్రం ఆమె చేతులు తెలీకుండా రెండు గ్లాసుల నీళ్ళు పోసేవి. మొదటి రోజు రెండో గ్లాసు కూడా తనే తాగేసింది. రెండో రోజు పారబోసింది. మూడో రోజునుంచి టీ పెట్టుకోవడమే మానేసి, కాటా దగ్గరే ఆరు దాకా కూర్చోవడం మొదలుపెట్టింది. తర్వాత డ్యూటీకి వచ్చే గుమాస్తా, "ఇంటికెళ్ళరా మేడమ్, ఇల్లు లేదా?" అని హాస్యమాడితే, "ఉంది, ఎక్కడికి పోతుంది?" అంది. చెప్పాలంటే ఆమెకి దిగులుగా ఉంది. అంతకుముందు ఇరవై ఏళ్ళు ఒంటరిగా ఉన్నప్పుడు లేని దిగులు, నెల రోజులు ఎవరో వచ్చిపోయాక పట్టుకుంది.

పెట్టెలో రెండో వాయి గుడ్లు ఉన్నాయి. పుంజు వచ్చిన మూడో వారంలో ఏరి పెట్టినవి. పారేద్దామని ఒకరోజు మూత తీసింది. టార్చి వెలుగుకి ఒక గుడ్డు ఎత్తి చూస్తే లోపల నల్లటి నీడ చటుక్కున కదిలింది. ప్రాణం ఉన్నదాన్ని పారెయ్యడానికి చెయ్యి రాలేదు. తడిగుడ్డ మార్చి, మూత వేసేసింది.

ఆదివారం పొద్దున అవి పగిలాయి. పెంకులోంచి మొదటి పిల్ల మెడ బయటికి చాచినప్పుడే ఆమె చేతిలో పళ్ళుతోముకునే బ్రష్షు ఆగిపోయింది. నున్నటి ఎర్ర మెడ. గొంతు ముందు వేలిగోరంత కుచ్చు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. పదిగంటలకి పదకొండు పిల్లలయ్యాయి. పదకొండూ బోడిమెడలే. మొహం కడుక్కోవడం కూడా మర్చిపోయి, వరండాలో గోడకానుకుని కూర్చుండిపోయింది. అవే పెట్టలు. అదే పుంజు. కల్తీ పుంజుకి ఒక వాయిలో పద్నాలుగింట రెండు, ఇంకో వాయిలో పదకొండుకి పదకొండు ఎలా వస్తాయి? కాటా అయితే ఇలాంటప్పుడు బండిని వెనక్కి తీయించి, పళ్ళెం కింద రాయేదో ఇరుక్కుందని తవ్వించేది.

సోమవారం పదకొండింటికి కోళ్ళ కంపెనీ లారీ కాటా ఎక్కింది. పిల్లల్ని పుట్టించి ఊళ్ళకి పంపే కంపెనీ అది. డ్రైవరు పక్కన ఎప్పుడూ సూపర్వైజరు ఉంటాడు. బరువు నిలిచింది, చీటీ చిరిగింది. అయినా ఆమె చీటీని కిటికీలోంచి పూర్తిగా ఇవ్వలేదు.

"సార్, ఒకటడగాలి. పుంజుని మారిస్తే, కొత్తపుంజు పిల్లలు ఎప్పట్నుంచి వస్తాయి?"

"ఎన్నాళ్ళు ఆగారు?"

"మర్నాటినుంచే గుడ్లు ఏరాను."

సూపర్వైజరు నవ్వాడు. "అయితే అవి పాతోడి పిల్లలే మేడమ్. పెట్ట కడుపులో పాతపుంజు సరుకు రెండు మూడు వారాలు నిలవుంటుంది. పుంజు చచ్చినా పిల్లలు పుడుతూనే ఉంటాయి. మేమైతే పుంజుల్ని మార్చాక మూడు వారాల గుడ్లు పొదగెయ్యం. ఇది మా దగ్గర తుడిచే కుర్రాళ్ళకి కూడా తెలుసు."

చీటీ ఆయన చేతిలోకి వెళ్ళింది. వెనక బండి హారను కొట్టింది. ఆరేళ్ళుగా ఆమెకి ఒక్కటే పుంజు, నల్లది. మార్చడం ఇదే మొదటిసారి. తెలియకపోవడం తప్పు కాదని ఎవరైనా అనొచ్చు. కానీ ఆమె అన్నది తెలియక అన్న మాట కాదు. పన్నెండు పిల్లలు చేతికి దొరికిన సాకు. అది ఆమెకి ఇప్పుడు బాగా తెలుసు.

సగం రోజు సెలవు పెట్టి తిన్నగా దాణా కొట్టుకి వెళ్ళింది. ఎక్కడ అందో అక్కడే వెనక్కి తీసుకోవాలని. అదృష్టం కొద్దీ మేకలాయనా ఉన్నాడు, గేదెలవాళ్ళలో ఒకడూ ఉన్నాడు.

"ఆరోజు నేను కండక్టరు గారి పుంజు కల్తీ అన్నాను. తప్పు నాది. పుంజు మేలైనదే. ఆయన చెప్పింది నిజం," అంది. ఇంత పెద్ద మాట ఆమె ఎన్నడూ నలుగురిలో చెప్పలేదు.

మేకలాయన కొట్టతని వైపు చూశాడు. కొట్టతను బుర్ర గోక్కున్నాడు.

"ఏ పుంజక్కా?"

"కండక్టరు గారిది. పన్నెండు రోజుల కిందట ఇక్కడే అన్నాను కదా. అందరూ ఉన్నారు."

"ఉండే ఉంటాం," అన్నాడు మేకలాయన. "ఇక్కడ రోజూ ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటూనే ఉంటారు. ఎవరికి గుర్తుంటుంది?"

"మీకు కేజీయా, రెండు కేజీలా?" అన్నాడు కొట్టతను. తర్వాత ఏదో తట్టినట్టు, "కండక్టరు గారు ఈమధ్య దాణాకి రావట్లేదు. ఒంట్లో బాలేదేమో," అన్నాడు.

వీళ్ళ ముందు తన పరువు నిలుపుకోవాలని ఆయన్ని కడిగిపారేసింది. వీళ్ళకి ఆ మాటే గుర్తులేదు.

ఇంటికెళ్ళి, పదకొండింట్లోంచి హుషారైన రెండు పిల్లల్ని తీసి అట్టపెట్టెలో గుడ్డముక్కలు పరిచి పెట్టుకుంది. పెట్టెను సైకిలు బుట్టలో దించి, గతుకుల్లేని చోట చూసి తొక్కుకుంటూ వెళ్ళింది. దారంతా ఆయన తిడితే ఏం చెప్పాలో కూడబలుక్కుంది. తిట్టాలి కూడా. తిడితే పడుంటుంది. తిట్టాక మనుషులు మళ్ళీ మాట్లాడుకుంటారు.

కండక్టరు ఇంటి ముందు నీళ్ళగాబు, పక్కన కోళ్ళ గూడు. గూడు తలుపు తెరిచి ఉంది. లోపల సున్నం వేసి ఉంది. తెల్లగా, శుభ్రంగా, ఒక్క ఈక కూడా లేదు.

ఆయన బయటికొచ్చి ఆమెని చూసి, చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. "రండమ్మా," అన్నాడు.

అరుగు మీద కూర్చోకుండానే చెప్పేసింది. రెండో వాయి సంగతి, సూపర్వైజరు చెప్పింది, మూడు వారాల లెక్క. దాణా కొట్లో కూడా చెప్పొచ్చానంది. కూడబలుక్కున్న మాటలు అన్నీ కాకపోయినా కావలసినవి వచ్చాయి. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"అయితే వాడు మంచివాడేనన్నమాట," అన్నాడు చివరికి.

"మంచివాడేనండి. పదకొండుకి పదకొండు."

"వాణ్ణి కోసేశానమ్మా."

ఆమె చేతిలో పెట్టెలోంచి పిల్లలు అరుస్తున్నాయి.

"మీ దగ్గర్నుంచి తెచ్చిన రోజే. జాతి కలిసిపోయాక ఉంచకూడదనుకున్నాను. రేపు ఇంకెవరికైనా ఇస్తాను, వాళ్ళూ మోసపోతారు. నా పెట్టల్ని కూడా ఇచ్చేశాను, ఇవి కలిసిపోయినవేనని చెప్పి మరీ ఇచ్చాను." ఆయన కళ్ళజోడు తీసి పట్టుకున్నాడు. "మీరు తూకం చూసి చెప్పే మనిషి. మీరన్నాక నాకు అనుమానం రాలేదు. నేనే అయిదు తరాల్లో ఎక్కడో చూసుకోలేదనుకున్నాను."

తనని అన్న మాటల గురించి ఆయన ఏమీ అనలేదు. టీల సంగతి, వంక సంగతి ఎత్తనే లేదు. ఆమె అక్కడ నిలబడే అది గ్రహించింది. ఆయన ఆ నిందలో తన వాటా తీసుకోలేదు, అంతా పుంజు మీదే వేశాడు. తను క్షమాపణ చెప్పుకోవడానికి వచ్చింది ఈయనకి. చెప్పుకోవలసినవాడు లేడు.

"చేతిలోకి వచ్చాడు," అన్నాడు ఆయన. "కత్తి చూసినా గింజుకోలేదు. ఎత్తుకున్నది నేనని."

గాబు వైపు తిరిగి మొహం మీద నీళ్ళు కొట్టుకున్నాడు. ఆమెకి ఏడుపు వచ్చింది గానీ, ఆయన ముందు ఏడ్చే హక్కు తనకి లేదనిపించింది. పెట్టె మూత తీసి ముందుకి చాచింది. ఆయన తడిచెయ్యి తుడుచుకుని, ఒక పిల్లని తీసి, బొటనవేలితో దాని మెడ తడిమాడు.

"వాడి మెడే," అని మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు. "తీసుకెళ్ళండి. రెండే ఉంటే చలికి ఆగవు. గుంపులోనే ఉండాలి."

"ఇవి మీవండి. ఇస్తానన్నవి."

"ఇప్పుడు నేనేం చేసుకోను?"

"పోనీ నేనే పెంచుతాను. పదకొండింట్లో పుంజుపిల్లల్ని దేన్నీ కోయనండి. మీ పుంజు జాతి మళ్ళీ తీద్దాం. ఒట్టు."

"ఇప్పుడే కోయననకండమ్మా," అన్నాడు నెమ్మదిగా. "నేనూ వాడితో అలాగే అన్నాను."

ఇక అక్కడ నిలబడడానికి ఆమెకి మొహం చెల్లలేదు. పెట్టెని బుట్టలో పెట్టుకుని సైకిలు తిప్పింది. ఆగమని ఆయన కేకేస్తే, గుండె ఒక్క క్షణం తేలికైంది. లోపల్నుంచి సగం బస్తా దాణా ఈడ్చుకొచ్చాడు.

"నా దగ్గరుంటే పురుగు పడుతుంది. మీ పిల్లలకి పనికొస్తుంది," అన్నాడు. వద్దనడానికి వీల్లేకుండా క్యారేజీ మీదికెత్తి, తాడు రెండుసార్లు చుట్టి, బస్సు టాపు మీద సామాను కట్టినట్టు మోకాలు ఆనించి బిగించి ముడేశాడు. కదిపి చూశాడు. సరిపోయిందన్నట్టు తలూపి, లోపలికెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

ఆమె సైకిలు ఎక్కలేదు, నడిపించుకుంటూ వచ్చింది. ఇంటికొచ్చి పిల్లల్ని గుంపులో కలిపింది. మిగతా తొమ్మిదీ జరిగి చోటిచ్చాయి. తర్వాత బస్తా దించబోయింది. ముడి రాలేదు. గోళ్ళతో లాగింది, పళ్ళతో పట్టింది, ఎటు లాగినా ఇంకా బిగుసుకుంది. కత్తి తెచ్చి కోస్తే నిమిషం పని. వంటింటి దాకా వెళ్ళి, కత్తి వంక చూసి, ఉత్తచేతులతో తిరిగొచ్చింది. పెరటి గట్టు మీద, సైకిలు పక్కన కూర్చుని, రెండు చేతుల్లో మొహం దాచుకుని గట్టిగా ఏడ్చింది. పెట్టలు దాణా వాసనకి కంచె దగ్గరికొచ్చి, ఎప్పటిలాగే అరవడం మొదలుపెట్టాయి.